యంత్రశిల్పి లూయీ షెవ్రోలే

షెవ్రోలే అనగానే నేటి పాఠకునికి ఒక కారు గుర్తుకు వస్తుంది. మన దేశంలో సైతం 2003 నుండి 2017 వరకు ఆ పేరుతో కార్లు అమ్ముడయ్యాయి. 1960వ దశకంలో అమెరికా యువతను రెండు వర్గాలుగా చీల్చిన మస్టాంగ్, కమారోల పోటీని గురించి చదివినవారికి ఆ పేరు మరింత పరిచితం. మస్టాంగ్ ఫోర్డు సంస్థది, కమారో షెవ్రోలే సంస్థది. అయితే ఆ పేరు గల మనిషి ఒకడు ఉండేవాడనీ, తన పేరు పెట్టుకున్న సంస్థలో అతడు రెండేళ్లు మాత్రమే నిలిచాడనీ, పెద్ద ఇంజను గల కారే కావాలని పట్టుబట్టి బయటికి వచ్చినవాడు తర్వాత చిన్న ఇంజన్లతోనే ఘనవిజయాలు సాధించాడనీ ఎరిగినవారు కొద్దిమంది.

లూయీ జోసెఫ్ షెవ్రోలే 1878 డిసెంబరు 25న స్విట్జర్లాండులోని లా షో ద ఫాన్ అనే పట్టణంలో జన్మించాడు. గడియారాల తయారీకి ఆ పట్టణం పెట్టింది పేరు. తండ్రి కూడా గడియారాలు చేసేవాడే. వెంట్రుకవాసి తేడా వచ్చినా పనికిరాని చక్రాలనూ, సన్నని స్ప్రింగులనూ చూస్తూ లూయీ పెరిగాడు. అతని బాల్యంలోనే కుటుంబం ఫ్రాన్సులోని బోన్ పట్టణానికి తరలివెళ్లింది. అక్కడ అతడు చిన్న వయసులోనే సైకిళ్ల దుకాణంలో పనికి కుదిరాడు. పగలు సైకిళ్లు బాగుచేసేవాడు; వీలు చిక్కినప్పుడల్లా సైకిలు పందేలలో పాల్గొనేవాడు. యంత్రాన్ని విప్పి చూడడం, దానిని వేగంగా నడపడం, ఈ రెండూ అతనికి వేరువేరు విద్యలుగా తోచలేదు. ఆర్థర్, గాస్టన్ అతని తమ్ముళ్లు. గాస్టన్ అన్నకంటె పద్నాలుగేళ్లు చిన్నవాడు.

యౌవనంలో పారిస్ చేరి మోర్స్ అనే కార్ల కర్మాగారంలో పనిచేసిన లూయీ 1900లో సముద్రం దాటి కెనడాలోని మాంట్రియాల్ నగరానికి వెళ్లాడు. అక్కడి నుండి న్యూయార్కు చేరాడు. 1905 మే నెలలో మోరిస్ పార్కు మైదానంలో ఫియట్ పందెపు కారును నడిపే అవకాశం అతనికి లభించింది. ఆ కారు 90 అశ్వశక్తి గలది. దానిపై అతడు ఒక మైలు దూరాన్ని 52.8 సెకన్లలో దాటాడు. గంటకు దాదాపు 110 కిలోమీటర్ల వేగమన్నమాట. ఆనాటి అమెరికాలో బార్నీ ఓల్డ్‌ఫీల్డ్‌కు మించిన చోదకుడు లేడని ప్రతీతి. ఆ ఓల్డ్‌ఫీల్డ్‌నే లూయీ ఆ సంవత్సరం ఓడించాడు. ఆజానుబాహువు, గుబురుమీసాలవాడు, మాట కరకుగా ఉండే ఈ పరదేశి పేరు పత్రికలకెక్కింది.

ఆ పేరును గమనించినవారిలో విలియం డ్యూరాంట్ ఒకడు. బ్యూయిక్ కార్ల సంస్థను నిలబెట్టి, 1908లో జనరల్ మోటార్స్‌ను స్థాపించిన వ్యాపారవేత్త అతడు. పందెంలో గెలిచిన కారు బజారులో అమ్ముడవుతుందని గ్రహించినవాడు. లూయీనీ, ఆర్థర్‌నూ తన పందెపు బృందంలో చేర్చుకున్నాడు. ఆ రోజులలో పందెపు కారుకు ఇంజను ఎంత పెద్దదైతే అంత మేలని అందరి నమ్మకం. 1910లో బ్యూయిక్ సంస్థ పందేల కోసం తయారుచేసిన బగ్ అనే కారు ఇంజను పరిమాణం 622 ఘనపు అంగుళాలు, అంటే పది లీటర్ల పైమాటే. నేడు మన వీథులలో తిరిగే చిన్న కార్లలో పదింటి ఇంజన్లను కలిపితే గాని అంత కాదు. అటువంటి యంత్రాలపై పేరు తెచ్చుకున్న లూయీకి పెద్ద ఇంజనుపై మమకారం కలగడం సహజం.

1910లో బ్యాంకులవారు జనరల్ మోటార్స్ పెత్తనాన్ని డ్యూరాంట్ చేతి నుండి లాగివేశారు. అతడు కుంగిపోలేదు. 1911 నవంబరులో డెట్రాయిట్‌లో మరొక సంస్థను ప్రారంభించి దానికి ప్రసిద్ధుడైన తన చోదకుని పేరే పెట్టాడు. ఆ విధంగా షెవ్రోలే మోటార్ కార్ కంపెనీ పుట్టింది. మొదటి కారు రూపకల్పన బాధ్యత లూయీది. ఎతియేన్ ప్లాంష్ అనే ఇంజనీరు తోడ్పాటుతో అతడు క్లాసిక్ సిక్స్ అనే కారును సిద్ధం చేశాడు. ఆరు సిలిండర్లు, 299 ఘనపు అంగుళాల ఇంజను, గంటకు సుమారు 65 మైళ్ల వేగం. కారు దృఢమైనది, అందమైనది. ధర మాత్రం 2,150 డాలర్లు! ఆ సొమ్ముతో ఫోర్డు మోడల్ టీ కార్లు మూడు కొనుక్కోవచ్చు.

ఇక్కడే ఇద్దరికీ చెడింది. హెన్రీ ఫోర్డుతో తలపడాలంటే తేలికైన, చౌకైన కారు కావాలని డ్యూరాంట్ ఆలోచన. తన పేరు మోసే కారు ఉత్తమమైనదిగా ఉండాలని లూయీ పంతం. డ్యూరాంట్ లెక్క వ్యాపారానికి సరియైనదే. కాని శిల్పి తాను చెక్కిన విగ్రహాన్ని తూకానికి అమ్మగలడా? పెద్దమనిషి తరహాగా చుట్టలు కాల్చమని డ్యూరాంట్ చెప్పడం, సిగరెట్టు విడువనని లూయీ మొండికేయడం కూడా తగవును పెంచాయంటారు. ఏమైతేనేం, 1913లో లూయీ సంస్థను వదలి వచ్చాడు. తన వాటాలను అమ్ముకున్నాడు. పేరు మాత్రం సంస్థకే ఉండిపోయింది. ఆపైన తాను తయారుచేసే ఏ కారుకూ తన ఇంటిపేరు పెట్టుకునే హక్కు అతనికి లేకపోయింది. ఆ సంస్థ 490 డాలర్లకు అమ్మిన చిన్న కారు జనాదరణ పొందింది. దాని బలంతోనే డ్యూరాంట్ 1916లో జనరల్ మోటార్స్‌ను తిరిగి చేజిక్కించుకున్నాడు. అమ్మివేసిన వాటాలు లూయీ వద్దనే ఉండి ఉంటే అతడు కోటీశ్వరుడై ఉండేవాడు.

ఇంజను పరిమాణమంటే దాని పొడవు వెడల్పులు కావు. సిలిండరులో ముషలకం కిందికి పైకి కదలినపుడు అది ఊడ్చే స్థలాన్ని కొలిచి, అన్ని సిలిండర్ల లెక్కనూ కూడితే వచ్చేది పరిమాణం. అమెరికాలో దీనిని ఘనపు అంగుళాలలో చెప్పేవారు. 61 ఘనపు అంగుళాలు ఒక లీటరుకు సమానం. పెద్ద సిలిండరు ఒక్క గుక్కలో ఎక్కువ గాలినీ పెట్రోలునూ పీల్చుకుంటుంది. కనుక ఎక్కువ బలం ఇస్తుంది. అయితే దానితోపాటు బరువు పెరుగుతుంది, మలుపులలో కారు మొరాయిస్తుంది, టైర్లు త్వరగా అరుగుతాయి. చిన్న ఇంజను గుక్క చిన్నదే కాని, కవాటాల మార్గం సుగమమైతే అది ఊపిరి త్వరత్వరగా తీయగలదు. నిమిషానికి ఎక్కువసార్లు తిరిగి ఆ లోటును పూడ్చుకోగలదు. గడియారాల ఊరివాడైన లూయీకి ఈ రహస్యం బోధపడడానికి పందేలే పాఠశాలలయ్యాయి.

1914లో అతడు తమ్ముళ్లతో కలిసి ఫ్రాంటెనాక్ అనే సంస్థను స్థాపించాడు. దాని కార్లు సిద్ధమయ్యేలోపు, 1915లో ఇండియానాపొలిస్ 500 మైళ్ల పందెంలో కార్నీలియన్ అనే బుల్లి కారుతో బరిలోకి దిగాడు. పోటీదారుల ఇంజన్లు 300 ఘనపు అంగుళాల వరకు ఉండవచ్చునని నియమం. అతని కారు ఇంజను అందులో సగమైనా లేదు. చూసినవారు నవ్వుకొని ఉంటారు. 200 చుట్లలో 76 చుట్లు తిరిగిన పిమ్మట కవాటం చెడి కారు ఆగిపోయింది. పరాజయమే అయినా, ఏనుగుల గుంపులో గుర్రపుపిల్ల అంతసేపు పరుగెత్తడం చిన్న విషయం కాదు.

1920లో ఆ పందెం నియమాలు మారాయి. ఇంజను 183 ఘనపు అంగుళాలకు, అంటే మూడు లీటర్లకు మించరాదన్నారు. అందరూ ఒక్కసారిగా చిన్న ఇంజనువారైపోయారు. ఫ్రాన్సు నుండి వచ్చిన బాలో కార్లు ఎనిమిది సిలిండర్లవి. గెలుపు వాటిదేనని అంచనా. లూయీ కర్మశాలలో నాలుగు సిలిండర్ల కార్లు ఏడు సిద్ధమయ్యాయి. కొన్ని మన్రో పేరుతో, కొన్ని ఫ్రాంటెనాక్ పేరుతో మే 31న బరిలో నిలిచాయి. ఒకదానిని లూయీ, మరొకదానిని గాస్టన్ నడిపారు. పందెం సాగేకొద్దీ ఆ ఏడింటిలో ఒక లోపం బయటపడింది. స్టీరింగును చక్రాలకు కలిపే ఉక్కు భాగం విరిగిపోసాగింది. ఒకటి తర్వాత ఒకటిగా కార్లు గోడలకు తగిలాయి, ఆగిపోయాయి. లూయీ కారూ ఆగింది. తాను చేసిన ఆ భాగమే తమ్ముని కారులోనూ ఉన్నదన్న ఎరుకతో మిగిలిన చుట్లను చూసిన ఆ అన్న మనఃస్థితి ఊహించదగినదే. ఇక పదమూడు చుట్లు మిగిలి ఉండగా, ముందు సాగుతున్న బాలో కారు ఇంజను మొరాయించింది. గాస్టన్ దానిని దాటాడు. పందెం పొడవునా ఒక్క టైరు కూడా మార్చకుండా, గంటకు 88.62 మైళ్ల సగటు వేగంతో గెలిచాడు. 1912 తర్వాత ఆ పందెంలో అమెరికా కారు గెలవడం అదే మొదలు.

ఆ సంతోషం ఆరు నెలలు నిలిచింది. 1920 నవంబరు 25న కాలిఫోర్నియాలోని బెవర్లీ హిల్స్ మైదానంలో జరిగిన ప్రమాదంలో గాస్టన్ మరణించాడు. అతని వయస్సు 28 సంవత్సరాలు. లూయీ మరెన్నడూ ఇండియానాపొలిస్ పందెంలో చోదకునిగా పాల్గొనలేదు. మరుసటి ఏడాది అతని కర్మశాలలో తయారైన ఎనిమిది సిలిండర్ల ఫ్రాంటెనాక్ కారుపై టామీ మిల్టన్ అదే పందెం గెలిచాడు. రెండేళ్లలో రెండు విజయాలు దక్కినా అప్పులు తీరలేదు. వీథిలో తిరిగే కార్లను తయారుచేయాలన్న ప్రయత్నం మొగ్గలోనే వాడిపోయింది.

బ్రతుకుతెరువుకు అతడు ఎంచుకున్న దారి విచిత్రమైనది. ఆనాడు అమెరికా పల్లెలన్నిటా ఫోర్డు మోడల్ టీ కార్లే. వాటి ఇంజను 177 ఘనపు అంగుళాలది. శక్తి మాత్రం 20 అశ్వశక్తి. కవాటాలు సిలిండరు పక్కన ఉండడం వల్ల గాలి వంకరదారిలో పోవలసి వచ్చేది. షెవ్రోలే సోదరులు ఆ ఇంజను తలభాగాన్ని తీసివేసి, కవాటాలు పైన గల మరొక తలను బిగించే ఏర్పాటు చేశారు. ఊపిరి సలపని ఇంజనుకు ఊపిరి వచ్చింది. ఫ్రాంటీ అనే ముద్దుపేరుతో ఆ తలలు పల్లెటూరి మట్టి మైదానాలన్నిటికీ పాకాయి. ఇండియానాపొలిస్ పరిమితి 122 ఘనపు అంగుళాలకు దిగిన 1923లో ఎల్. ఎల్. కోరమ్ నడిపిన ఫ్రాంటీ ఫోర్డు, పందేల కోసమే పుట్టిన ఖరీదైన కార్ల మధ్య అయిదవ స్థానం పొందింది. మరుసటి సంవత్సరం అటువంటివి మూడు బరిలో నిలిచాయి. ఆ ఏడు పందెపు నిర్ణేత హెన్రీ ఫోర్డు. షెవ్రోలే అనే సంస్థ ఫోర్డును ఓడించాలని తలకిందులవుతుండగా, షెవ్రోలే అనే మనిషి ఫోర్డు కార్లకు వేగం నేర్పుతూ పొట్టపోసుకున్నాడు. 1927లో షెవ్రోలే కార్ల ఉత్పత్తి పది లక్షలు దాటి ఫోర్డును మించినపుడు, అందులో అతనికి దమ్మిడీ వాటా లేదు.

తర్వాత విమానాల ఇంజను తయారుచేయబోయి ఆర్థర్‌తో విభేదించాడు. 1929 నాటి ఆర్థికమాంద్యం మిగిలినదానిని ఊడ్చుకుపోయింది. 1930వ దశకంలో లూయీ ఒకప్పుడు తన పేరుతో పుట్టిన సంస్థలోనే మెకానిక్కుగా పనికి చేరాడు. ఆరోగ్యం చెడి ఆ పనీ మానుకోవలసి వచ్చింది. 1941 జూన్ 6న కన్నుమూశాడు. ఇండియానాపొలిస్‌లో గాస్టన్ సమాధి ఉన్న శ్మశానవాటికలోనే అతనినీ ఖననం చేశారు.

పెద్ద ఇంజనా, చిన్న ఇంజనా అన్న వాదం అతనితో ముగియలేదు. 1955లో షెవ్రోలే సంస్థ ఎడ్ కోల్ నాయకత్వంలో 265 ఘనపు అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజనును రూపొందించింది. అది తేలికైనది, చురుకుగా తిరిగేది. 1964లో ఫోర్డు మస్టాంగ్ వచ్చింది. దానికి జవాబుగా 1966లో కమారో వచ్చింది. 1969 నాటి కమారోలలో 427 ఘనపు అంగుళాల జెడ్ ఎల్ వన్ ఒకటి. అటువంటివి 69 మాత్రమే తయారయ్యాయి. పావుమైలు తిన్నని బాటలో దాని ముందు నిలువగలిగినవి అరుదు. మలుపులతో కూడిన ట్రాన్స్ యామ్ పోటీలకు పరిమితి 305 ఘనపు అంగుళాలు. అందుకోసం ఇంజనీర్లు 327 ఇంజను దిమ్మెలో 283 ఇంజను క్రాంకును అమర్చి 302 ఘనపు అంగుళాల ఇంజనును పుట్టించారు. ఆ చిన్న ఇంజను గల కమారో జెడ్ 28 కారు 1968, 1969 సంవత్సరాలలో విజేతగా నిలిచింది. 1970లో అదే పరిమాణం గల ఇంజనుతో ఫోర్డు మస్టాంగ్ ఆ పట్టాన్ని కైవసం చేసుకుంది.