డిచ్‌పల్లి వైద్యురాలు

నిజామాబాదు సమీపాన ఉన్న డిచ్‌పల్లి పేరు వినగానే గుట్ట మీద శిల్పశోభతో అలరారే రామాలయం స్ఫురిస్తుంది. ఆ ఊరికి మరొక ప్రసిద్ధి కూడా ఉంది. అయినవారు వెలివేసిన కుష్ఠురోగులు వెతుక్కుంటూ వచ్చిన ఊరది. వారికి అక్కడ ఆశ్రయమూ వైద్యమూ కల్పించినవారు ఒక స్కాట్లండు వనిత, డాక్టర్ ఇసబెల్ కెర్ర్.

ఇసబెల్ 1875లో జన్మించారు. పుట్టింటివారు గన్ వంశీయులు. స్త్రీలు వైద్యవిద్య అభ్యసించడం అరుదైన ఆ రోజుల్లో ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో పట్టభద్రులయ్యారు. క్రైస్తవ మతబోధకుడైన జార్జి కెర్ర్‌ను వివాహమాడి, 1907లో భర్తతో కలిసి వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షాన హైదరాబాదు సంస్థానానికి వచ్చారు. నిజామాబాదు వారి కార్యక్షేత్రమైంది.

అక్కడ ఆమెను కలవరపెట్టినది కుష్ఠురోగుల దుఃస్థితి. వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నాడు. అయినా ఆ విషయం పల్లెలకు చేరలేదు. పూర్వజన్మ పాపఫలమని లోకం నమ్మింది. చేతి మీద మచ్చ కనిపించిన నాటినుండి రోగికి ఇల్లు పరాయిదయ్యేది, ఊరి బావి దూరమయ్యేది. రోగం కంటె ఈ వెలియే పెద్ద శిక్ష అనడం అతిశయోక్తి కాదు.

ఈ వ్యాధిలో వేళ్లు వాటంతట అవే రాలిపోతాయని నేటికీ కొందరు భావిస్తారు. అది సరికాదు. సూక్ష్మజీవి మొదట నరాలను దెబ్బతీస్తుంది. స్పర్శజ్ఞానం నశిస్తుంది. ఇందూరు సీమలోనైనా, నల్లగొండ, పాలమూరు మెట్టల్లోనైనా చెప్పులు లేకుండా పొలం పోయే రైతుకు అరికాలిలో తుమ్మముల్లు దిగితే అడుగు పడనీయనిది నొప్పి. ఆ నొప్పియే లేనివాడు ముల్లుతోనే సాయంత్రం దాకా నడుస్తాడు. గాయం పుండవుతుంది, పుండు ఎముకను తాకుతుంది. ఏళ్ల తరబడి మానదు. బాధను మనం శత్రువుగా తలుస్తాం గాని, దేహానికి అంతటి కావలివాడు మరొకడు లేడు.

ఇటువంటి పుండుకు పైపూత చాలదు. ముందు నీటితో శుభ్రంగా కడగాలి. చుట్టూ కాయగట్టిన చర్మాన్ని చెక్కివేయాలి. కుళ్లిన కండను, నిర్జీవమైన ఎముక ముక్కలను తొలగించాలి. చచ్చిన కండ ఉన్నంతవరకు దాని అడుగున కొత్త కండ పెరగదు. ఆపై కట్టు కట్టి, పాదానికి విశ్రాంతి నివ్వాలి. మరునాడు మళ్లీ కట్టు విప్పి చూడాలి. దుర్గంధాన్ని సహించి, అసహ్యం ముఖంలో కనబడనీయక, ఒకే పాదాన్ని నెలల తరబడి చేతిలోకి తీసుకోవడం సామాన్యమైన పని కాదు. ఎవరూ తాకని మనిషిని తాకడం కూడా అందులో ఒక భాగమే.

కెర్ర్ దంపతులు 1911లో కుష్ఠురోగులకు ఒక శరణాలయం తెరిచారు. వచ్చేవారు అనేకులు, చోటు స్వల్పం. ఆ సమయంలో రాజా నర్సాగౌడ్ అనే హైందవ దాత ఆదుకున్నారు. మిషనువారి కార్యానికి ఆయన ధనమివ్వడానికి మతభేదం అడ్డు రాలేదు. ఆయన విరాళంతో డిచ్‌పల్లిలో నిర్మించిన భవనాలు 1915లో ప్రారంభమయ్యాయి. అదే విక్టోరియా కుష్ఠురోగుల ఆసుపత్రి.

తొలి రోజుల్లో అక్కడ లభించినది సేవయే గాని నివారణ కాదు. తరువాత కలకత్తాలో పరిశోధన సాగిస్తున్న డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ పద్ధతిని ఇసబెల్ చేపట్టారు. అడవిబాదం గింజల నూనెను సూదిమందుగా ఎక్కించడం ఆ పద్ధతి. సుశ్రుతుడు తువరకమని పేర్కొన్న ఔషధం ఈ జాతి వృక్షానిదే. చిక్కని ఆ నూనెను కండలోనికి ఎక్కించడం రోగికి మిక్కిలి బాధాకరం. తొలి దశలో వచ్చిన కొందరికి గుణం కనిపించింది, ముదిరిన రోగానికి అంతగా పనిచేయలేదు. అయినప్పటికీ చికిత్స ఉన్నదన్న మాట వ్యాపించింది. అంతవరకు మచ్చలను దాచుకొని తిరిగినవారు తామై వచ్చి చూపించుకోవడానికి ఆ మాటే ధైర్యమిచ్చింది. మందు సాధించిన దానికంటె ఈ ధైర్యం సాధించినదే ఎక్కువేమో!

1923లో ప్రభుత్వం కెర్ర్ దంపతులకు కైజర్-ఇ-హింద్ పతకం ప్రదానం చేసింది. 1932లో ఇసబెల్ మరణించారు. రోగాన్ని నిజంగా అదుపు చేసిన డాప్సోన్ మందు 1940ల తరువాత గాని వాడుకలోకి రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది 1981లో. ఆమె ఆ రెంటినీ చూడలేదు. అడవిబాదం నూనె వైద్యం క్రమంగా మరుగున పడింది. పుండు కడిగే పని మాత్రం మరుగున పడలేదు. సూక్ష్మజీవి నశించినా, ఎంతోకాలంగా దెబ్బతిన్న నరాలకు స్పర్శ తిరిగిరావడం అరుదు. అందుచేత రోగం నయమైనవారు సైతం నేటికీ ప్రతిదినం పాదాలను నీటిలో నానబెట్టి, కాయలను గీకి, నూనె రాసి, ఎక్కడైనా ముల్లు గుచ్చుకున్నదేమో కళ్లతో వెతికి చూసుకోవలసి ఉంటుంది.