ఎముకల వైద్యశాలకు తల్లి: డేమ్ ఆగ్నెస్ హంట్ (1866–1948)

నేడు ఎముక విరిగినను, కీలు తప్పినను మనము ఎముకల డాక్టరు గారిని వెదకికొని పోవుచున్నాము. నూటపాతిక సంవత్సరముల క్రిందట ఇంగ్లండు పల్లెలలో సహితము అట్టి వసతి లేకుండెను. వెన్ను వంగిన బిడ్డయు, కాలు ముడుచుకొనిపోయిన బిడ్డయు ఇంటి మూలన పడియుండి పెరుగవలసినదే. అట్టి బిడ్డలను మూలనుండి వెలుగులోనికి తెచ్చినవారు ఆగ్నెస్ హంట్ గారు. ఆమె డాక్టరు కారు, నర్సు. పైగా ఆమెయు కుంటివారే.

ఆగ్నెస్ గారు 1866 డిసెంబరు 31వ తేదీన లండనులో జన్మించి, ష్రాప్‌షైర్ ప్రాంతమున బాస్చర్చ్ గ్రామము వద్ద ఒక పెద్ద కుటుంబములో పెరిగిరి. సుమారు పదేండ్ల ప్రాయమున ఆమె మడమమీద ఒక పొక్కు లేచెను. ఆ పొక్కు చీముపట్టి, విషము రక్తములో కలిసి, తుంటి ఎముకను పాడుచేసెను. ఆ కాలమున పెన్సిలిన్ లేదు. ఒక చిన్న పొక్కు మూలమున ఆమె జీవితాంతము నొప్పితోను, కుంటి నడకతోను గడుపవలసి వచ్చెను. అయితే ఆమె తల్లి కఠిన స్వభావము గల స్త్రీ. కుంటిదని జాలిపడి కుమార్తెను ఒకచోట కూర్చుండబెట్టలేదు. తక్కిన పిల్లలు చేయు పనులన్నియు ఆమెయు చేయవలసినదే. తండ్రి మరణించిన పిమ్మట, అంగోరా మేకలు పెంచవలెనను తలంపుతో ఆ తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని ఆస్ట్రేలియాకు వెళ్లెను. ఆ తలంపు ఫలింపలేదు గాని, ఆగ్నెస్ గారికి కష్టములో నవ్వగల ధైర్యము మాత్రము అలవడెను.

ఇంగ్లండుకు తిరిగివచ్చి 1887లో ఆమె నర్సు శిక్షణకు చేరిరి. కుంటి కాలు ఆ చదువునకు అడుగడుగున అడ్డుపడెను. అయినను పట్టు విడువక నేర్చుకొని, తన స్నేహితురాలు ఎమిలీ గుడ్‌ఫోర్డ్ గారితో కలిసి ఇంటింటికి పోయి రోగులకు పరిచర్య చేయు నర్సుగా పనిచేసిరి. పేదల ఇండ్లలో అవిటి పిల్లల బ్రతుకు ఎట్టిదో అప్పుడే కన్నులార చూచిరి.

1900లో వీరిరువురు బాస్చర్చ్‌లో ఫ్లారెన్స్ హౌస్ అను ఇంటిలో, జబ్బునుండి కోలుకొనుచున్నవారి కొరకు ఒక చిన్న విశ్రాంతి గృహము తెరచిరి. త్వరలోనే అవిటి పిల్లలు రాసాగిరి. ఇంటి మెట్లు ఇరుకు. కాలు కదల్చలేని పిల్లలను ఆ మెట్లమీద మోసికొనిపోవుట సాధ్యము కాలేదు. అందుచేత తోటలో ఒక ప్రక్క తెరచియుండు పాకలు వేసి, పిల్లల మంచములను అక్కడ వేసిరి. అవసరము కొరకు చేసిన ఆ పనియే మేలైనది. ఆ దినములలో పిల్లల ఎముకలకును కీళ్లకును సోకు క్షయ మిక్కుటముగా ఉండెను. జబ్బుపడిన ఆవుల పాలను కాచకుండ త్రాగుట అందుకు ఒక ముఖ్య కారణము. మందులు లేని ఆ కాలమున విశ్రాంతి, గాలి, ఎండ, మంచి ఆహారము, కీలు కదలకుండ కట్టిన కట్టు, ఇవియే వైద్యము.

ఇట్లుండగా తన తుంటి నొప్పికి చికిత్స కొరకు ఆగ్నెస్ గారు లివర్‌పూల్‌లోని రాబర్ట్ జోన్స్ అను శస్త్రవైద్యుని వద్దకు వెళ్లిరి. జోన్స్ గారి గురువు హ్యూ ఓవెన్ థామస్ గారు. మన పుత్తూరు కట్టువారివలె తరతరములుగా ఎముకలు కట్టు కుటుంబములో ఆయన పుట్టిరి. ఆయన కనిపెట్టిన థామస్ స్ప్లింటు మొదటి ప్రపంచ యుద్ధములో తొడ ఎముక విరిగిన అనేక సైనికుల ప్రాణములు కాపాడెను. ఆగ్నెస్ గారు తన పిల్లలను తోపుడు బండ్లలో పరుండబెట్టి, రైలులో లివర్‌పూల్‌కు తీసికొనిపోవుచుండిరి. అది చూచి కొంతకాలమునకు జోన్స్ గారే బాస్చర్చ్‌కు వచ్చి శస్త్రచికిత్సలు చేయసాగిరి.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. బాగుపడి ఇల్లు చేరిన బిడ్డలలో కొందరు కొన్ని నెలలకే మరల చెడిపోయి వచ్చుచుండిరి. కట్టు వదులైనను సవరించువారు లేరు. కూలి పోగొట్టుకొని దూరము రాగల తలిదండ్రులు కొద్దిమందియే. తప్పు తల్లులది అని ఆగ్నెస్ గారు అనుకొనలేదు. వైద్యశాలయే వారి యొద్దకు పోవలెనని నిశ్చయించిరి. ఆ విధముగా చుట్టుపట్ల ఊళ్లలో చికిత్సానంతర క్లినిక్కులు వెలసెను. నర్సులు అచ్చటికి పోయి కట్టులు సవరించుచు, తల్లులకు నేర్పుచు, అవసరమైనవారిని మరల వైద్యశాలకు పంపుచుండిరి. ఈ పద్ధతి తరువాత ఇతర ప్రాంతములకును ఆదర్శమయ్యెను.

యుద్ధకాలమున గాయపడిన సైనికులకు చేసిన సేవకై 1918లో ఆమెకు రాయల్ రెడ్ క్రాస్ లభించెను. 1921లో వైద్యశాల ఆస్వెస్ట్రీ వద్ద పార్క్ హాల్ అను పూర్వపు సైనిక ఆసుపత్రికి మారెను. 1926లో డేమ్ బిరుదు వచ్చెను. అయినను ఆమెకు తృప్తి కలుగలేదు. కాలు బాగైనను చేతిలో పని లేనివాడు మరల ఇతరుల దయమీదనే బ్రతుకవలెను గదా! అందుకై 1927లో డెర్వెన్ అను శిక్షణాలయము స్థాపించి, అంగవైకల్యము గల యువకులకును యువతులకును చేతిపనులు నేర్పించిరి. 1933లో జోన్స్ గారు మరణించిన పిమ్మట వైద్యశాలకు వారిరువురి పేర్లు పెట్టబడెను. ఆ పేరుతోనే అది నేటికిని ఎముకలకు, కీళ్లకు ప్రత్యేక వైద్యశాలగా నడచుచున్నది. ఆగ్నెస్ గారు 1948 జూలైలో, 81 ఏండ్ల ప్రాయమున కన్నుమూసిరి.

ఆమె జీవితమునుండి మనము నేర్చుకొనవలసినదేమి? అవిటి బిడ్డకు జాలి చూపుట సులభము. కట్టు కట్టించుట, ఇంటికి పోయి మరల చూచుట, చేతికి పని నేర్పించుట కష్టము. ఈ మూడును కలిసిననే వైద్యము పూర్తియగునని ఆమె తన కుంటి నడకతో నడచి చూపిరి. మన సంఘములలోను ఆరాధనకు రాలేక ఇంటనే ఉండిపోవు బిడ్డలు ఉండవచ్చును. గుడి మెట్లు వారికి ఎక్కుడుగా ఉన్నయెడల, ఆ మెట్ల సంగతి ఆలోచింపవలసినవారము మనమే.