మా తాతగారి రాగి డబ్బు, సోహో టంకసాల మాథ్యూ బౌల్టన్

సాయంకాలపు తెలుగు తరగతిలో కిందటేడు ఒక చిన్నారి మమ్మల్ని అడిగింది: డబ్బుకు డబ్బు అని పేరెందుకు వచ్చింది మాస్టారూ, అని. జవాబుగా మేము జేబులోంచి ఒక రాగి బిళ్ళ తీసి చూపించాము. మచిలీపట్నం దగ్గరి పల్లెలో బడిపంతులుగా పనిచేసిన మా తాతగారి బిళ్ళ అది. ఆయన దానితో పిల్లలకు లెక్కలు చెప్పేవారు. ఆయన తరువాత మా నాన్నగారూ చెప్పారు. ఇప్పుడు అల్ఫారెట్టాలో మేము చెబుతున్నాము. ఇవి 48 ఇస్తే ఒక రూపాయి అని ఆ బిళ్ళ మీద ఇంగ్లీషులో రాసి ఉంది. సంవత్సరం 1794. మనం ఈనాడు ధనానికంతటికీ వాడుతున్న డబ్బు అనే మాట ఒకప్పుడు ఇటువంటి చిన్న రాగి నాణేనికి పేరు.

మన ఉత్తర సర్కారుల కోసమే తయారైన ఆ నాణెం మన దేశంలో తయారైనది కాదు. ఇంగ్లండులో, బర్మింగ్‌హాం పక్కనున్న సోహోలో, ఆవిరి యంత్రం కింద అచ్చుపడి ఓడలో వచ్చింది. ఆ టంకసాల యజమాని మాథ్యూ బౌల్టన్ కథను ఈ సంచిక పాఠకులకు మనవి చేయాలని మా కోరిక.

బౌల్టన్ 1728 సెప్టెంబరు 14న బర్మింగ్‌హాంలో పుట్టాడు. తండ్రిది బొత్తాములు, బకిల్సు వంటి చిన్న లోహపు సామాను చేసే వ్యాపారం. కొడుకు చిన్నతనంలోనే అందులో చేరాడు. తండ్రి పోయాక సోహోలో పెద్ద కర్మాగారం కట్టించి, వందల మంది పనివాళ్ళను ఒక్క కప్పు కిందికి తెచ్చాడు. వెండి పని మీద ముద్ర వేయించుకోవడానికి వస్తువులను దూరపు ఊళ్ళకు పంపవలసి వస్తున్నదని పార్లమెంటు దాకా వెళ్ళి, 1773లో బర్మింగ్‌హాంకే పరీక్షాశాలను సాధించాడు. 1775లో జేమ్స్ వాట్‌తో భాగస్వామ్యం కుదిరింది. వాట్ బుర్రలోని ఆవిరి యంత్రం లోకానికి అందిందంటే దాని వెనుక బౌల్టన్ సొమ్ము, ఓర్పు, వ్యాపారదక్షత ఉన్నాయి.

ఆ యంత్రాలు కార్న్‌వాల్ రాగి గనుల్లో నీళ్ళు తోడేవి. అలా బౌల్టన్‌కు రాగి వ్యాపారంతో సంబంధం ఏర్పడింది. అప్పటి ఇంగ్లండులో రాగి నాణేల స్థితి దయనీయంగా ఉండేది. రాజుగారి టంకసాల 1775 తరువాత రాగి నాణేలు అచ్చువేయడమే మానింది. బజారంతా దొంగ అర్ధపెన్నీలతో నిండిపోయింది. వాటిని చేసేవాళ్ళలో చాలామంది బర్మింగ్‌హాంలోనే ఉండేవారు. కూలివాడు శనివారం జీతంగా పుచ్చుకున్న నాణేన్ని సోమవారం అంగడివాడు వద్దనేవాడు. నష్టం ఎప్పుడూ బీదవాడిదే. దొంగవాడు అనుకరించలేని నాణెం చేయడమే దీనికి మందు అని బౌల్టన్ ఆలోచించాడు. తన రాగి అమ్ముడుపోవాలన్న ఆశ కూడా అందులో ఉన్నమాట నిజమే. దాన్ని దాచడం చరిత్ర అనిపించుకోదు.

1788లో సోహో టంకసాల మొదలైంది. పారిసు నుంచి పిలిపించిన డ్రోజ్ అనే శిల్పితో పొసగలేదు. తరువాత వచ్చిన కూక్లర్ అనే జర్మను శిల్పి నిలిచాడు. 1790లో ఆవిరితో నాణేలు అచ్చువేసే పద్ధతికి బౌల్టన్ పేటెంటు పొందాడు. చుట్టూ ఉక్కు కట్టు ఉండడం వల్ల ప్రతి నాణెమూ ఒకే కొలతతో, నిండు గుండ్రంగా వచ్చేది. అంచు అరగదీస్తే వెంటనే తెలిసిపోయేది. ఇంత చేసినా ప్రభుత్వం దాదాపు పదేళ్ళు పని ఇవ్వలేదు. ఆ కరువు రోజుల్లో ఆయనను ఆదుకున్న వారిలో ఈస్టిండియా కంపెనీ ఒకటి. మా తాతగారి బిళ్ళ ఆ కాలపుదే.

ఇక్కడ మేము ఒక్క క్షణం ఆగక తప్పదు. 1790 ప్రాంతాల్లో ఉత్తర సర్కారులు ఘోరమైన కరువుతో అల్లాడాయి. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే ఈ మెరిసే నాణేలు దిగాయి. వాటి మీద కంపెనీ ముద్ర ఉంది, ఇంగ్లీషు ఉంది, తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. తూకం న్యాయమైనదే, కాని దాన్ని పంపిన ఏలుబడి న్యాయమైనదా అన్నది వేరే ప్రశ్న.

1797లో ఫ్రాన్సుతో యుద్ధం వల్ల ఇంగ్లండు బ్యాంకు బంగారం చెల్లింపులు నిలిపివేసింది. చిల్లర కోసం జనం విలవిలలాడారు. అప్పుడు ప్రభుత్వం బౌల్టన్‌ను పిలిచింది. ఆయన ఒక ఔన్సు తూగే పెన్నీ, రెండు ఔన్సుల రెండు పెన్నీల నాణెం అచ్చువేశాడు. వెడల్పయిన అంచు మీద అక్షరాలు లోపలికి చెక్కి ఉండేవి. జనం వాటిని బండి చక్రాలన్నారు. మనమున్న ఈ దేశానికీ ఆయనతో సంబంధం ఉంది. ఫిలడెల్ఫియా టంకసాల తొలినాటి సెంట్లకు రాగి బిళ్ళలు సోహో నుంచి వచ్చాయి. మనకు ఉత్తరాన ఉన్న డలోనెగాలో 1838 నుంచి 1861 దాకా బంగారు నాణేలు అచ్చువేసిన టంకసాలను చూసినవారికి ఈ చరిత్ర మరింత దగ్గరగా తోస్తుంది.

1808లో మదరాసు కోసం బౌల్టన్ పది, ఇరవై కాసుల నాణేలు చేశాడు. వాటిని పీపాలకెత్తుకున్న అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరాన గుడ్విన్ ఇసుక తిన్నెల మీద మునిగిపోయింది. అదే సంవత్సరం ఆగస్టు 17న, 80 ఏళ్ళ వయసులో బౌల్టన్ కన్నుమూశాడు. ఆయన యంత్రాలతోనే లండనులో రాజుగారి కొత్త టంకసాల అమరింది. 1980లలో ఈతగాళ్ళు ఆ ఓడ నుంచి నాణేలు పెద్దయెత్తున పైకి తెచ్చారు. 2011లో వచ్చిన యాభై పౌన్ల నోటు మీద వాట్ పక్కన బౌల్టన్ బొమ్మ వేశారు. ఆ నోటు 2022లో చెలామణి నుంచి తొలగింది.

ఇక వెల సంగతి. ఇటువంటి నాణేలు సేకరించేవారు పాతదనం కన్నా స్థితినే ఎక్కువగా చూస్తారు. అరిగిన 1797 పెన్నీ నేటికీ చవకగా దొరుకుతుంది. అంచున నొక్కులు లేకుండా, తొలి రాగిరంగు మిగిలినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. సోహో టంకసాల 1848లో మూతపడ్డాక పాత అచ్చులు కొన్న టేలర్ అనే ఆయన మళ్ళీ నాణేలు తీశాడు. తుప్పుపట్టిన అచ్చుల వల్ల వాటి మీద చిన్న పొక్కులు కనబడతాయి. సముద్రంలో దొరికినవాటిలో ఉప్పు తిన్నవి ఒక ధర, పీపా నడుమ భద్రంగా ఉన్నవి వేరొక ధర.

మా బిళ్ళను ఇక్కడి నాణేల ప్రదర్శనలో ఒక వర్తకుడికి చూపించాము. ఆయన భూతద్దంతో చూసి, ఎవరో దీన్ని గట్టిగా తోమారు, దీనికి కొద్ది డాలర్ల కన్నా రావు అన్నాడు. తోమినది మా నాయనమ్మ. ఏటా దసరా పూజకు ముందు ఇత్తడి సామానుతోపాటు చింతపండు పెట్టి ఆ బిళ్ళనూ తళతళలాడించేది. పాత నాణేన్ని ఎన్నడూ తోమకండి అని మీకు చెప్పడం మా విధి. అయితే ఇంటికి వచ్చాక మేము దాన్ని అమ్మలేదు. ఆ వర్తకుడు లోపమన్న మెరుపులో మాకు నాయనమ్మ చేతులు కనిపించాయి.

బజారులో బీదవాడు మోసపోకూడదని ఒక మనిషి పట్టుబట్టి చేసిన నాణెం, మా ఇంట మూడు తరాల పిల్లలకు లెక్కలు నేర్పింది. మీ ఇళ్ళలోనూ అమ్మమ్మల పెట్టెల్లో ఇటువంటి రాగి డబ్బులు ఉండే ఉంటాయి. వాటిని తోమకుండా తీసి, మీ పిల్లల అరచేతిలో పెట్టి, వాటి కథ తెలుగులో చెప్పండి.