ఏడడుగుల ఏడంగుళాల మనిషి – మానూట్ బోల్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ క్రీడాకారుని గురించి వ్రాయమని సంపాదకులు కోరారు. అందరూ క్రికెట్ వారినే తలుస్తారు గనుక, బాస్కెట్‌బాల్ ఆడిన ఒక పశువుల కాపరిని మన సభ్యులకు, వారి కుటుంబాలకు పరిచయం చేస్తున్నాను.

ఆయన పేరు మానూట్ బోల్. అప్పటి సూడాన్ దక్షిణ భాగంలో తురలేయి ప్రాంతంలో దింకా తెగలో పుట్టారు. దింకాలకు పశువులే సిరి. పెళ్లిళ్లలో కన్యాశుల్కం కూడా పశువులతోనే చెల్లిస్తారు. నందీశ్వరుని నీడన బ్రతికే మనకు ఇది వింతగా తోచదు. మందకు కాపలా ఉండగా ఈటెతో సింహాన్ని చంపానని ఆయనే చెప్పుకునేవారు.

ఎత్తు 7 అడుగుల 7 అంగుళాలు. మహానంది కోనేట్లో మనకు గొంతుదాకా వచ్చే అయిదడుగుల నీరు ఆయనకు రొమ్ము కిందనే ఆగిపోయేది. నేలకు 10 అడుగుల ఎత్తున ఉండే బుట్ట కమ్మీని ఎగరకుండానే అందుకునేవారు. అటువంటి మనిషికి తొలి పాస్‌పోర్టులో ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలని పడిందట! కూర్చోబెట్టి కొలిచారని చెబుతారు. సర్వీసు రిజిస్టర్లు వ్రాసిన చేతులకు ఇటువంటివి కొత్త కాదు. పుట్టిన తేదీ 1962 అక్టోబరు 16 అన్నదీ ఊహించి పెట్టినదే. బడిలో పంతులుగారు వేసిన జూలై 1వ తేదీతోనే రిటైరైన మనలో ఎందరికో ఆ సంగతి అర్థమవుతుంది.

ఇంగ్లీషు రాక అమెరికాలో మొదట ఒక కాలేజీ జట్టులో ఆడే అవకాశం పోయింది. బ్రిడ్జిపోర్ట్ విశ్వవిద్యాలయం తరఫున ఒక్క సీజను ఆడి, 1985లో వాషింగ్టన్ బుల్లెట్స్ జట్టులో చేరారు. ప్రత్యర్థి వేసిన బంతిని గాలిలోనే కొట్టివేయడం ఆయన విద్య. తొలి సీజనులోనే 397 బంతులు అడ్డుకున్నారు. కొత్త ఆటగాళ్లలో అది రికార్డు. 1987లో అదే జట్టుకు 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ వచ్చాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలిపి ఫోటోలు తీయడానికి జనం ఎగబడ్డారు.

తరువాత గోల్డెన్ స్టేట్, ఫిలడెల్ఫియా, మయామీ జట్లకు ఆడారు. మొత్తం 624 ఆటలలో అడ్డుకున్నవి 2,086, చేసిన పాయింట్లు 1,599. సంపాదించిన దానికన్నా ఆపినది ఎక్కువ! కీళ్లవాతం ఆయన ఆటను ముగించింది.

అసలు చెప్పవలసింది జీతం సంగతి. 1983లో మొదలై 2005 వరకు సాగిన అంతర్యుద్ధంలో ఆయన బంధువులు ఎందరో చనిపోయారు. సంపాదనలో సుమారు 35 లక్షల డాలర్లు శరణార్థులకు, దక్షిణ ప్రాంత పోరాటానికి ఇచ్చారని అంచనా. తనకంటూ దాచుకోలేదు. నెలనెలా పెన్షన్‌కు ఎదురుచూసే మనవంటివారికి ఇది తెలివితక్కువగా కనిపించవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. ఖార్టూంలో మంత్రి పదవి ఇస్తామన్నారు. మతం మారాలన్నందుకు ఒప్పుకోలేదు. తుదకు 2002లో తానే శరణార్థిగా అమెరికా చేరారు.

ఆ ఏడు టీవీలో ఒక లావుపాటి ఫుట్‌బాల్ ఆటగాడితో ముష్టియుద్ధం చేశారు. స్కేట్లు వేసుకోవడం కూడా రాకపోయినా మంచు హాకీ జట్టులో ఒకరోజు చేరారు. మరుసటి ఏడు జాకీ వేషం వేశారు. పత్రికలవారు నవ్వారు. ఆయన పిల్లల కోసం డబ్బు పోగుచేశారు. 2004లో ఎక్కిన టాక్సీ ప్రమాదానికి గురై మెడ విరిగింది. ఆరోగ్య బీమా లేదు. నెలల తరబడి మంచాన పడ్డారు.

నడవగలిగాక మళ్లీ దక్షిణ సూడాన్‌లో బడులు కట్టించే పనిలో దిగారు. 2010 ఏప్రిల్ ఎన్నికల వేళ అక్కడే ఉండిపోయి జబ్బుపడ్డారు. మూత్రపిండాలు చెడి, మందు వికటించి ఒళ్లంతా పుండ్లయ్యాయి. 2010 జూన్ 19న వర్జీనియాలో కన్నుమూశారు. లెక్క ప్రకారం వయసు 47. తురలేయికి తీసుకువెళ్లి ఖననం చేశారు. ఆయన దేశం స్వతంత్రమైనది మరుసటి ఏడు జూలై 9న. కుమారుడు బోల్ బోల్, అతడూ ఏడడుగుల పైమాటే, 2019లో అదే వృత్తి లీగుకు ఎంపికయ్యాడు.