లందల దగ్గరి నుంచి లీహై దాకా – డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శిగారు అడగగానే నాకు డాక్టర్ నాయుడమ్మగారే గుర్తుకు వచ్చారు. అందుకు ఇంట్లో కారణం ఒకటుంది. మా పెద్ద మనవడికి ఈ ఏడు మెటీరియల్స్ ఇంజనీరింగులో ఎం.టెక్. సీటు వచ్చింది. చక్కగా కంప్యూటర్లు వదిలేసి ఇనుమూ పింగాణీ ప్లాస్టిక్కూ చదువుతానంటాడేమిటని మా కోడలికి దిగులు. ముప్పై ఆరేళ్లు ఫైళ్లు తిప్పడం తప్ప మరేమీ తెలియని నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. నేను తీర్పు చెప్పలేదు. నాయుడమ్మగారి కథ చెప్పాను.

ఆయన 1922 సెప్టెంబరు 10న తెనాలి ప్రాంతంలోని యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. అప్పటి గుంటూరు జిల్లాలోని ఆ ఊరు 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివారు. అక్కడితో ఆగితే ఏ మందుల కంపెనీలోనో, ఏ కళాశాలలోనో స్థిరపడేవారు. ఆయన మద్రాసు వచ్చి తోళ్ల పరిశ్రమ విద్యలో చేరారు.

ఈ మాట ఈనాటి పిల్లలకు మామూలుగా తోచవచ్చు. మన ఈడువాళ్లకు తెలుసు అదెంత మాటో. నా చిన్నతనంలో మా ఊరి వాగు పక్కన లందలుండేవి. సున్నం నీళ్లలో నానిన పచ్చితోళ్లు, తుమ్మచెక్క, తంగేడుచెక్క, కరక్కాయ, వీటన్నిటి వాసన ఊళ్లోకి కొట్టేది. మేము ముక్కు మూసుకుని అటు నుంచి పరుగెత్తేవాళ్లం. మా నాన్నగారు వాళ్లు కుట్టిన చెప్పులే తొడిగేవారు కాని, వాళ్లు వాటిని నేల మీద పెట్టి దూరం జరిగాకే తీసుకునేవారు. డబ్బులు పైనుంచి వదిలేవారు. నేనూ అలాగే వదిలాను. ఆ ఇంటి కుర్రవాడు నాతో అయిదో తరగతి దాకా చదివి మానేశాడు. లెక్కల్లో నాకంటే చురుకు. నేను గుమాస్తానయ్యాను, అతను లందల దగ్గరే ఉండిపోయాడు. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

అటువంటి రోజుల్లో ఒక రైతుబిడ్డ కావాలని ఆ పనిలో చేతులు పెట్టాడు. తరువాత ఇంగ్లండులోనూ, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలోనూ పైచదువులు చదివి డాక్టరేటు పొందారు. లీహై ఉన్నది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెత్లెహాం పట్టణంలో. అది ఉక్కు కొలిమిలకు పేరుపడిన ఊరు. ఆ ఉక్కు ఊళ్లో కూర్చుని మన తెనాలి ప్రాంతపు యువకుడు తోలు పదునయ్యే రసాయనం మీద పరిశోధన చేశారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఆ చదువేమిటో మనవడు నాకు బోధపరిచాడు. చర్మంలో ప్రధానంగా ఉండేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. మూడు పోగులు కలిపి పేనిన తాడులాంటిది. తడి పచ్చిచర్మాన్ని వేడినీళ్లలో వేస్తే సుమారు 60, 65 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది. చెక్కరసంతో ఊనబెడితే మరికొంత వేడికి ఓర్చుకుంటుంది. క్రోమియం లవణాలతో పదునుచేస్తే పోగుల మధ్య గట్టి బంధాలు ఏర్పడి మరిగే నీటిలో వేసినా చెక్కుచెదరదు. పదార్థం లోపలి అమరిక ఎలా ఉందో, దాన్ని మారిస్తే గుణం ఎలా మారుతుందో తెలుసుకోవడమే వాళ్ల శాస్త్రమంతా అన్నాడు. ఇనుముకైనా అంతే, తోలుకైనా అంతేనట. కొల్లాజెన్ మూడుపోగుల నిర్మాణాన్ని 1954లో లోకానికి చూపినది కూడా మద్రాసు విశ్వవిద్యాలయంలోని జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తాలే.

డాక్టరేటుతో నాయుడమ్మగారు తిరిగివచ్చి, 1948లో అడయారులో స్థాపించిన కేంద్రీయ తోళ్ల పరిశోధన సంస్థలో పనిచేశారు. 1958లో దానికి డైరెక్టరయ్యారు. అప్పుడు మన దేశం ఎక్కువగా పచ్చితోళ్లను, సగం పదునుచేసిన తోళ్లను ఓడలెక్కించేది. బయటివాళ్లు వాటికి మెరుగుపెట్టి బూట్లూ సంచులూ చేసి లాభం తీసేవారు. పూర్తిచేసిన తోలు, తోలు వస్తువులు ఇక్కడే తయారుకావాలని, ఆ పనితనం ప్రయోగశాల గోడలు దాటి లందల దాకా వెళ్లాలని ఆయన పట్టుబట్టారు. 1970ల మొదట్లో ప్రభుత్వం సగం పదునుచేసిన తోళ్ల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. దేశానికి విదేశీ మారకం వచ్చింది, నిజమే. ఆ లందల దగ్గర నిలబడ్డవాళ్ల ఇళ్లకు అందులో ఎంత చేరిందన్నది వేరే లెక్క.

1971లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యి 1977 దాకా ఉన్నారు. ఆ కాలంలోనే శాస్త్రవిజ్ఞానంతో ఒక జిల్లాను ఎలా బాగుచేయవచ్చో చూడడానికి మన కరీంనగర్ జిల్లాను ఎంచుకున్నారు. ఢిల్లీ గదుల్లో తయారైన పథకాలు గ్రామం చేరేసరికి ఏమవుతాయో ఫైళ్లు తిప్పిన మనకు చెప్పనక్కరలేదు. అందుకే ఆ ప్రయత్నమంటే నాకు గౌరవం. 1981–82లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా కూడా ఉన్నారు.

1985 జూన్ 23, ఆదివారం. కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండు తీరానికి దూరంగా సముద్రం మీద బాంబుతో పేలిపోయింది. 329 మంది పోయారు. తరువాత పత్రికలో నాయుడమ్మగారి పేరు చూశాను. ఆఫీసులో ఆ పూట ఎవరికీ పని మీద మనసు పోలేదు. ఆయనకు అప్పుడు అరవై రెండేళ్లు. ఇప్పుడు నా వయస్సు అంతకు పన్నెండేళ్లు ఎక్కువ.

కథ విన్నాక కోడలు ఏమీ అనలేదు. మనవడు నా పాత చెప్పు నుంచి ఒక ముక్క కోసి, స్టౌ మీద మరుగుతున్న నీళ్లలో వేశాడు. అది క్షణాల్లో ముడుచుకుపోయింది. క్రోమ్ తోలు కాదు తాతయ్యా, చెక్కరసంతో ఊనిందన్నాడు. వాడు వచ్చే నెలలో చేరుతున్నాడు. ఆ గిన్నెను మాత్రం మా కోడలు మళ్లీ వంటింట్లోకి రానివ్వలేదు.