తుఫాను తరువాత నలభై ఏళ్ళు: జాన్ న్యూటన్ కథ

పిల్లలూ, ఈ న్యూటన్ యాపిల్ పండు న్యూటన్ కాదు. ఆయన ఐజాక్, ఈయన జాన్. ఐజాక్ న్యూటన్ సూత్రాలు మీకు ఫిజిక్స్ క్లాసులో వస్తాయి, జాన్ న్యూటన్ పాట మీ స్కూలు కోరస్‌లో వస్తుంది. అమేజింగ్ గ్రేస్ అనే పాట రాసింది ఈయనే. చర్చికి వెళ్ళేవాళ్ళకీ, వెళ్ళనివాళ్ళకీ కూడా ఇక్కడ ఆ పాట తెలుసు.

రెండేళ్ళ క్రితం మన తెలుగు బడిలో ఈ కథను నేను ఐదు నిమిషాల్లో చెప్పేశాను. బానిసల ఓడ నడిపేవాడు, తుఫానులో చిక్కుకున్నాడు, దేవుణ్ణి తలచుకున్నాడు, ఆ పాడు వ్యాపారం మానేసి పాట రాశాడు అని. ఆరో తరగతి చదివే ఒక పాప నేను బోర్డు మీద రాసిన తేదీలు చూసి, అంకుల్, తుఫాను ముందా, కెప్టెన్ అవడం ముందా అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వెళ్ళి పుస్తకాలు తిరగేస్తే, నేను చెప్పిన కథలో పెద్ద తప్పే ఉందని తెలిసింది. ఈ వ్యాసం ఆ పాపకు నేను బాకీ ఉన్న జవాబు.

జాన్ న్యూటన్ 1725లో లండన్‌లో పుట్టాడు. తండ్రి ఓడ కెప్టెన్. కొడుక్కి చదువూ, ప్రార్థనా నేర్పిన తల్లి అతనికి ఏడేళ్ళు నిండకముందే క్షయతో చనిపోయింది. పదకొండో ఏట తండ్రితో పాటు ఓడెక్కాడు. పద్దెనిమిదేళ్ళప్పుడు, 1744లో, నౌకాదళం వాళ్ళు బలవంతంగా పట్టుకుపోయారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో అలా పట్టుకుపోవడం మామూలే. పారిపోబోయి దొరికిపోతే అందరి ముందూ కొరడా దెబ్బలు కొట్టారు. తరువాత బానిసల వ్యాపారం చేసే ఒక ఓడలోకి మారి, పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఒక తెల్ల వ్యాపారి దగ్గర పనికి చేరాడు. అక్కడ జబ్బు చేసింది, తిండి కూడా సరిగ్గా పెట్టలేదు. ఒంటి మీద సరైన బట్ట లేని ఆ రోజుల్లో కూడా తన దగ్గరున్న యూక్లిడ్ పుస్తకం తీసుకుని, సముద్రపు ఒడ్డున ఇసుకలో పుల్లతో బొమ్మలు గీస్తూ జామెట్రీ నేర్చుకున్నాడు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను.

తండ్రి తన స్నేహితుడికి చెబితే, ఆయన ఓడ గ్రేహౌండ్ వచ్చి అతణ్ణి ఎక్కించుకుంది. 1748 మార్చిలో, అట్లాంటిక్ మధ్యలో పెద్ద తుఫాను. ఓడ ఒక పక్క బద్దలై నీళ్ళు లోపలికి వచ్చేస్తున్నాయి. న్యూటన్ గంటల తరబడి నీళ్ళు తోడాడు, ఆ తరువాత చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు. అప్పటిదాకా దేవుణ్ణి ఎగతాళి చేసినవాడి నోటి వెంట దేవుడి పేరు వచ్చింది. చిరిగిన తెరచాపలతో, అయిపోతున్న తిండితో ఆ ఓడ నాలుగు వారాలకు ఐర్లండ్ తీరం చేరింది.

నేను కథ ఆపేసింది ఇక్కడే. అసలు జరిగింది వేరు. తుఫాను తరువాత అతను మళ్ళీ బానిసల ఓడే ఎక్కాడు, ఈసారి కెప్టెన్ తరువాతి స్థానంలో. 1750లో తను చిన్నప్పటి నుంచీ ఇష్టపడ్డ మేరీని పెళ్ళి చేసుకున్నాడు. అదే ఏడు కెప్టెన్ అయ్యాడు. 1754 దాకా మూడు సార్లు ఆఫ్రికా వెళ్ళి, మనుషుల్ని కొని, సముద్రం దాటించి అమ్మాడు. పైన సిబ్బందితో ప్రార్థనలు చేయించేవాడు, కింద ఇద్దరిద్దరిని కలిపి సంకెళ్ళు వేసి, కదలడానికి చోటు లేకుండా పడుకోబెట్టేవాళ్ళు. తిరుగుబాటు చేస్తారన్న అనుమానంతో కుర్రాళ్ళ బొటనవేళ్ళను ఇనుప మరలో బిగించినట్టు తన ఓడ దినచర్యలో తనే రాసుకున్నాడు. భార్యకు ప్రేమగా ఉత్తరాలు రాసిన చెయ్యి కూడా అదే.

మానింది కూడా మనసు మారి కాదు. 1754లో నాలుగోసారి బయలుదేరబోతుండగా మూర్ఛ లాంటిది వచ్చింది, డాక్టర్లు సముద్రం వద్దన్నారు. లివర్‌పూల్ రేవులో సుంకాల ఉద్యోగం చూసుకున్నాడు. సొంతంగా గ్రీకు, హీబ్రూ నేర్చుకుని, చాలాసార్లు కాదనిపించుకుని, 1764లో ఓల్నీ అనే చిన్న ఊళ్ళో పాదిరి అయ్యాడు. లేసులు అల్లి బతికే పేదవాళ్ళ ఊరు అది. వాళ్ళకు అర్థమయ్యే మాటల్లో ప్రార్థనల కోసం పాటలు రాసేవాడు. పురుషోత్తమ చౌదరి గారి తెలుగు క్రైస్తవ కీర్తనలు పాడుకుంటూ పెరిగినవాళ్ళకు ఇలాంటి పాట విలువ వేరే చెప్పక్కర్లేదు. పక్కనే ఉండే కవి విలియం కూపర్ కూడా కలిశాడు. 1773 జనవరి 1న న్యూటన్ చేసిన ప్రసంగం కోసం రాసిన పాటే అమేజింగ్ గ్రేస్ అంటారు. ఆ రోజుల్లోనే కూపర్‌కు మతి చెదిరింది. న్యూటన్ దంపతులు అతణ్ణి ఏడాదికి పైగా తమ ఇంట్లోనే పెట్టుకుని చూసుకున్నారు. ఇద్దరి పాటలూ కలిపి 348, 1779లో ఓల్నీ హిమ్స్ అనే పుస్తకంగా వచ్చాయి.

గమనించండి, పాట వచ్చేసింది. ఆయన మాత్రం బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా ఇంకా నోరు విప్పలేదు. 1764లో అచ్చయిన తన జీవిత కథలో కూడా ఆ వ్యాపారాన్ని ఖండించలేదు.

1785 డిసెంబరులో విలియం విల్బర్‌ఫోర్స్ అనే 26 ఏళ్ళ పార్లమెంటు సభ్యుడు, రాజకీయాలు వదిలేసి భక్తి మార్గంలో పోవాలా అని అడగడానికి లండన్‌లో ఆయన దగ్గరకు గుట్టుగా వచ్చాడు. వదలొద్దు, అక్కడే ఉండి పని చెయ్యమని న్యూటన్ నచ్చజెప్పాడు. రెండేళ్ళకు ఆ విల్బర్‌ఫోర్సే బానిసల వ్యాపారం రద్దు చేయించే పని తలకెత్తుకున్నాడు.

అప్పుడు, 1788లో, అరవై దాటిన న్యూటన్ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. ఓడల్లో తను చూసిందీ, చేసిందీ అందులో రాశాడు. ఈ ఒప్పుకోలు చాలా ఆలస్యంగా వచ్చిందని తనే అన్నాడు. ప్రభుత్వ విచారణలో సాక్ష్యం కూడా చెప్పాడు. బానిసల వ్యాపారం గురించి తెలియనివాళ్ళు బయటి నుంచి వాదిస్తే కొట్టిపారేయవచ్చు, పాత కెప్టెనే వచ్చి ఇలా చేశాం అంటే కొట్టిపారేయడం కష్టం.

1790లో మేరీ పోయింది. చూపు మందగించింది. 1807 మార్చి 25న బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. అదే ఏడు డిసెంబరు 21న, 82 ఏళ్ళ వయసులో, న్యూటన్ కన్నుమూశాడు. అప్పటికే బానిసలుగా ఉన్నవాళ్ళకు విడుదలనిచ్చే చట్టం 1833 దాకా రాలేదు, దాన్ని ఆయన చూడలేదు.

మీరు కోరస్‌లో పాడే బాణీ ఆయనది కాదు. దాన్ని ఈ మాటలకు అమెరికాలో విలియం వాకర్ అనే ఆయన 1835లో జత చేశాడు. పదివేల ఏళ్ళ గురించి వచ్చే చివరి చరణం కూడా న్యూటన్ రాసింది కాదు, తరువాత చేరింది.

మన బడిలో పంచే కాగితంలో ఇంతకుముందు తుఫాను పక్కనే పాట ఉండేది. ఈ ఏడాది దాన్ని మార్చి, మధ్యలో 1750, 1754, తరువాత 1788 కూడా చేర్చాను. ఆ పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. ఆ కాగితం ముందుగా తనకే ఇచ్చి సరిచూడమన్నాను.