ఎల్బీ స్టేడియం పక్క నుంచి రోజూ వెళ్తుంటారా? అయితే రహీం సాబ్ కథ తెలుసుకోవాల్సిందే!

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లోని ఎల్బీ స్టేడియం అనగానే మనకు గుర్తొచ్చేది ముఖ్యమంత్రుల ప్రమాణ స్వీకారాలు, 1999లో న్యూజిలాండ్‌పై సచిన్ కొట్టిన 186 పరుగులు. కానీ ఈ నగరం ఒకప్పుడు ఫుట్‌బాల్‌కు అడ్డా అన్న సంగతి ఈ తరంలో చాలామందికి తెలియదు. ఆ రోజుల్ని తెచ్చిన మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం.

ముందు స్టేడియం సంగతి చూద్దాం. దీని పాత పేరు ఫతే మైదాన్. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం ఇక్కడే మకాం వేసింది. కోట చేజిక్కాక దీనికి విజయ మైదానం అనే అర్థంలో ఆ పేరు వచ్చింది. నిజాంల కాలంలో ఇక్కడ పోలో ఆడేవారు. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. అప్పటికి రహీం కన్నుమూసి నాలుగేళ్లు.

స్కూల్ టీచర్ నుంచి టీమిండియా కోచ్‌గా..

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీ జట్టుకు ఆడారు. తర్వాత టీచర్‌గా పిల్లలకు పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు, చివరిదాకా ఆ బాధ్యతలోనే ఉన్నారు.

ఆయన పెట్టిన టోర్నీలు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతిని పాస్ చేయాల్సిందే. ఇంకోదాంట్లో అలవాటు లేని కాలితోనే ఆడాలి. ఖర్చు పెద్దగా లేదు, కానీ పిల్లలు రెండు కాళ్లతోనూ ఆడటం నేర్చుకున్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ప్రతిభను గుర్తించింది కూడా రహీమే.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యారు. ఆ టీమ్ 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. కోల్‌కతా క్లబ్‌లదే హవా అనుకుంటున్న రోజుల్లో ఇది మామూలు విషయం కాదు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఆయన కోచింగ్‌లోనే భారత్ ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం కొట్టింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది అప్పటికి బూట్లు లేకుండానే ఆడేవారు. ఆ దెబ్బతో ఆట మారింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు వెళ్లిన భారత్, నాలుగో స్థానంలో నిలిచింది.

జకార్తాలో చివరి పోరు

1962 ఆసియా క్రీడలు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడంపై భారత ప్రతినిధి అభ్యంతరం చెప్పడంతో స్థానిక ప్రేక్షకులు మన జట్టుపై మండిపడుతున్నారు. దీనికి తోడు డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇక్కడే రహీం రిస్క్ తీసుకున్నారు. జర్నైల్‌ను పక్కన కూర్చోబెట్టకుండా ఫార్వర్డ్‌గా దించారు. సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1తో స్వర్ణం మనదే!

ఏడాది కూడా తిరగలేదు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. వయసు 53 ఏళ్లే. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఇప్పటిదాకా స్వర్ణం గెలవలేదు.

2024లో అజయ్ దేవగణ్ మైదాన్ సినిమాతో ఆయన పేరు మళ్లీ వినిపించింది. 2022లో ఐఎస్‌ఎల్ టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మాత్రం 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఇక్కడ ఆడే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. అలవాటు లేని కాలితో ఆడించే రహీం సాబ్ లాంటి టీచరే కావాలి.